గైర్ ముల్కీ చూసిన వీధి

హైదరాబాదు చరిత్ర చదివేటప్పుడు నాకు ఎప్పుడూ ఒక వెలితి కనిపిస్తుంది. ఊరేగింపు తీసినవాళ్ళ కథ దొరుకుతుంది. వాళ్ళ మీద కాల్పులు జరిపించినవాళ్ళ కథ కూడా, కాస్త వెతికితే, విచారణ కాగితాల్లో దొరుకుతుంది. కానీ ఆ ఊరేగింపు ఎవరి గుమ్మం ముందు నుంచి పోయింది, తలుపు ఓరగా వేసి దాన్ని చూసినవాడు ఎవడు, మర్నాడు పేపర్లో ఏం వెతుక్కున్నాడు, ఇది మాత్రం దొరకదు. చూసినవాడు ఆ ఊరివాడు కాకపోతే ఇక చెప్పేదేముంది! నెల్లూరి కేశవస్వామి ‘చార్మినార్’ కథలు, పరవస్తు లోకేశ్వర్ ‘సలాం హైదరాబాద్’ చదివి పాతబస్తీ మీద మోజు పెంచుకున్నవాణ్ణి నేను. ఆ రెండూ ఊరి లోపలి మనుషులు రాసినవి. నాకు కావలసింది బయటి నుంచి వచ్చి లోపల కూర్చున్నవాడి కిటికీ.

ఎందుకంటే హైదరాబాదు వీధిలో జరిగిన పెద్ద గొడవల్లో చాలావాటికి కారణం, అంశం, కొన్నిసార్లు గురి, ఆ కిటికీలో ఉన్నవాడే.

దానికి ఒక పేరు కూడా ఉంది: గైర్ ముల్కీ. ముల్క్ అంటే దేశం. దేశంవాడు ముల్కీ, కానివాడు గైర్ ముల్కీ. ఇవాళ వింటే ఈ మాట అతిశయంగా తోస్తుంది. లక్నో నుంచో బెజవాడ నుంచో వచ్చినవాడు విదేశీయుడెలా అవుతాడు? కానీ 1948 సెప్టెంబరు దాకా నిజాం రాజ్యం, పైన ఇంగ్లీషువాడి పెత్తనం ఉన్నా, లోపల ఒక దేశంలాగే నడిచింది. దాని నాణెం వేరు (హాలీ సిక్కా, ఇంగ్లీషువాడి రూపాయిని కల్దారు అనేవారు), తపాలా బిళ్ళ వేరు, రైలు వేరు, సైన్యం వేరు, ఆఫీసు భాష వేరు. కృష్ణా జిల్లా సరిహద్దు దాటి నల్లగొండలో అడుగుపెట్టినవాడు రూపాయి మార్చుకోవలసి వచ్చేది. అది ప్రవాసం కాకపోతే మరేమిటి?

1919లో ఏడో నిజాం ఒక ఫర్మానాతో ముల్కీ అంటే ఎవరో తేల్చాడు. పుట్టుకతో రాజ్యపు ప్రజ అయినవాడు ముల్కీ. పుట్టేనాటికి తండ్రి 15 ఏళ్ళు సర్కారు కొలువు పూర్తిచేసి ఉంటే ఆ బిడ్డ ముల్కీ. ముల్కీని పెళ్ళాడిన స్త్రీ ముల్కీ. ఇవేమీ కానివాడికి కూడా ఒక దారి పెట్టారు. కనీసం 15 ఏళ్ళు స్థిరంగా నివసించాలి, తాను వచ్చిన చోటికి తిరిగి వెళ్ళే ఆలోచన మానుకున్నట్టు మేజిస్ట్రేటు ముందు ప్రమాణపత్రం ఇవ్వాలి.

ఈ ఆఖరి షరతు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ప్రోగ్రాములు రాసుకునేవాడికి మొదటి షరతులన్నీ సులువుగా కనిపిస్తాయి. పుట్టిన ఊరు, తండ్రి ఉద్యోగం, ఉన్న ఏళ్ళు, అన్నీ సరిచూడగలిగినవే. ‘తిరిగి వెళ్ళే ఆలోచన మానుకోవడం’ ఎలా సరిచూస్తారు? మా బ్యాచిలో సగంమంది అమెరికా విద్యార్థి వీసా కోసం కాన్సులేటులో నిలబడ్డారు. అక్కడి అధికారిని నమ్మించాల్సింది దీనికి సరిగ్గా తలకిందులు: చదువవగానే తిరిగొచ్చేస్తాను బాబూ అని. నిజాం మేజిస్ట్రేటుకేమో ఇక పోను అని ఒట్టు వెయ్యాలి. రెండు చోట్లా అడిగేది మనిషి మనసులో ఉన్న సంగతి, రాయించుకునేది ఒక ఫారం.

ఈ ఫర్మానాకు చాలా ముందే ఒక గైర్ ముల్కీ, చూస్తూ ఊరుకోకుండా వీధిలోకి దిగి, దాని ఫలితం అనుభవించాడు. ఆయన అఘోరనాథ్ చటోపాధ్యాయ, సరోజినీ నాయుడు తండ్రి. తూర్పు బెంగాలు మనిషి. ఎడిన్‌బరోలో డాక్టరేటు చేసి, మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న రోజుల్లో హైదరాబాదు వచ్చాడు. తర్వాత నిజాం కాలేజీగా మారిన హైదరాబాదు కాలేజీకి మొదటి ప్రిన్సిపాలు ఆయనే. ఉత్తరాది నుంచి చదువుకున్నవాళ్ళను పిలిపించి కొలువులిచ్చిన దివాను సాలార్‌జంగే. సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ, చిరాగ్ అలీ, మొహ్సిన్ ఉల్ ముల్క్ అలా వచ్చినవాళ్ళే. ఊళ్ళో వాళ్ళను చూసి పళ్ళు నూరినవాళ్ళు కొదవలేదు. ముల్కీ పేచీకి విత్తనం అక్కడ పడింది.

1883 ఫిబ్రవరిలో సాలార్‌జంగ్ కలరాతో పోయాడు. అదే ఏడాది చాందా రైలు వ్యవహారం రేగింది. రాజ్యంలో ఉన్న రైలు మార్గాన్ని లండన్‌లో పెట్టే ఒక కంపెనీకి అప్పగించి, ఒక కొమ్మ బెజవాడకు, ఒక కొమ్మ చాందాకు (ఇప్పటి చంద్రపూర్) పొడిగించాలని పథకం. పెట్టుబడి మీద 20 ఏళ్ళపాటు 5 శాతం చొప్పున నిజాం ఖజానా పూచీ. షరతులు ఊళ్ళో ఎవరికీ చూపించలేదు. అఘోరనాథ్, ముల్లా అబ్దుల్ ఖయ్యూం, మరికొందరు కలిసి ఆ కాగితాలు బయటపెట్టమని అడిగారు, సభలు పెట్టారు. హైదరాబాదులో సర్కారు లెక్కలు జనం అడగడం దాదాపు అదే మొదలు. మే నెలలో అఘోరనాథ్‌ను రాజ్యం నుంచి బహిష్కరించారు.

బహిష్కరణ అనే శిక్ష పరాయివాడికి చేతికందేంత దగ్గర్లో ఉంటుంది. స్థానికుణ్ణి జైల్లో పెట్టాలంటే నేరం చూపించాలి, విచారణ జరపాలి. వచ్చినవాడికి వచ్చిన దారి చూపిస్తే చాలు. అఘోరనాథ్‌ను తర్వాత మళ్ళీ పిలిపించి కొలువిచ్చారు, అది వేరే కథ. ఆయన కూతురు సరోజిని పుట్టింది 1879లో, హైదరాబాదులో. తండ్రిని ఊరి నుంచి వెళ్ళగొట్టిన ఏడాది ఆమెకు నాలుగేళ్ళు. ఒకే ఇంట్లో తండ్రి గైర్ ముల్కీ, కూతురు ఆ ఊళ్ళోనే పుట్టినది.

ఇంతకీ ఆయన ప్రశ్నించిన రైలు ఆగలేదు. 1889లో బెజవాడ చేరింది. చాందా వైపు దారి పూర్తి కావడానికి 1929 దాకా పట్టింది. ఆ బెజవాడ రైలు ఎవర్ని మోసుకొచ్చిందో తర్వాత చూద్దాం.

ఇక ఇంకో రకం ప్రవాసులు. పాతబస్తీలో ఎవర్నడిగినా చెప్తారు, చాంద్రాయణగుట్ట దాటితే బార్కస్. ఇంగ్లీషు బ్యారక్స్ నాలుక మీద అరిగి బార్కస్ అయింది. జామకాయలకు, ఈ మధ్య మండీ బిర్యానీకి పేరు. నిజాం అరబ్బు సైనికుల వారసులు అక్కడుంటారు. వీళ్ళ పూర్వీకులు ఎక్కువమంది యెమెన్ తూర్పున హద్రమౌత్ లోయ నుంచి, 18వ శతాబ్దం చివరి నుంచి రావడం మొదలుపెట్టారు. కత్తి పట్టారు, వడ్డీకి అప్పులిచ్చారు, వసూలుకు మళ్ళీ కత్తి పట్టారు. వీళ్ళ తగాదాలు మామూలు కోర్టుల్లో తేలవని సాలార్‌జంగ్ అరబ్బులకు వేరే న్యాయస్థానమే పెట్టాడు.

1857 జులై 17, శుక్రవారం. మక్కా మసీదు దగ్గర పోగైన జనం మూసీ దాటి కోఠీలో ఉన్న ఇంగ్లీషు రెసిడెన్సీ మీదికి వెళ్ళారు. ముందు నడిచింది తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్. వెంట ఉన్నవాళ్ళలో ఎక్కువమంది రోహిల్లాలు, అంటే అఫ్గన్ మూలాల సిపాయిలు. లోపల బిక్కుబిక్కుమంటూ ఉన్నది ఇంగ్లీషు రెసిడెంటు డేవిడ్‌సన్. ఊరు చెయ్యి దాటకుండా దివాను నమ్ముకున్నది అరబ్బు పటాలాల్ని. ఒక్కసారి ఈ బొమ్మ చూడండి: దాడి చేసినవాడు, దాడికి గురైనవాడు, ఊరికి కాపలా కాసినవాడు, ముగ్గురూ బయటివాళ్ళే. దీన్ని మనం హైదరాబాదు తిరుగుబాటు అంటాం. అనాల్సిందే కూడా. దాని కోసం తుర్రేబాజ్ ఖాన్ తుపాకీ గుండుకు పోయాడు, అల్లావుద్దీన్ అండమాన్లో పోయాడు. ఒక ఊరి కోసం చచ్చిపోయినవాణ్ణి ఆ ఊరివాడివి కావు అనడానికి నోరు రాదు.

అరబ్బులకు మాత్రం ఇంకో వీధి కూడా ఉండేది, సముద్రం అవతల. వీళ్ళ జమాదార్లలో కొయితీలు, కసీరీలు అని రెండు వంశాలు. ఇద్దరూ నిజాం జీతం తింటూ, ఆ డబ్బుతో హద్రమౌత్ తీరం కోసం కొట్టుకున్నారు. 1866లో కసీరీలు షిహ్ర్ రేవు పట్టుకున్నారు, మరుసటేడు కొయితీలు లాక్కున్నారు. 1881లో ముకల్లా కూడా కొయితీలదైంది. ఆ తర్వాత అక్కడి సుల్తాను వంశం అదే. అంటే ఒక తరం పాటు అరేబియా తీరంలో ఒక రాజ్యం తలరాత హైదరాబాదు దేవిడీల్లో రాశారు. దూరదేశంలో సంపాదించి సొంతూరి రాజకీయాలకు డబ్బు పంపడం మన ఎన్నారైలు కనిపెట్టిన విద్యేమీ కాదు.

తర్వాత 1948 వచ్చింది. సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది, 18న నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ జనరల్ చౌధురికి లొంగిపోయాడు. ఎల్ ఎద్రూస్ కూడా హద్రమౌత్ మూలాలున్న కుటుంబంవాడే. బార్కస్‌లో ఆ వారం ఎలా గడిచిందో నేను ఊహించుకోగలను. రేడియోలో ఒకటి, గల్లీలో ఒకటి, మసీదు దగ్గర ఇంకొకటి. యుద్ధం అయిదు రోజుల్లో ముగిసింది. వాళ్ళ కథ అక్కడి నుంచి మొదలైంది. అరబ్బు పటాలాలు రద్దయ్యాయి. చాలామందిని నిర్బంధించారు, విదేశీయులని తేల్చి ఓడలెక్కించి ఏడెన్‌కు పంపారు. అధికారులకు వచ్చిన చిక్కు, అరబ్బు అంటే ఎవరు అని. తండ్రి హద్రమౌత్‌లో పుట్టాడు, తల్లిది గోల్కొండ, కొడుకు పుట్టింది బార్కస్‌లో, ఇంట్లో మాట్లాడేది దక్కనీ. నిజాం ఫర్మానా ప్రకారం ఈ కొడుకు ముల్కీ కావచ్చు. కొత్త సర్కారు కంటికి అతను అరబ్బు. 1919 నుంచి 1948 దాకా ఫారాల్లో రాసుకున్నదంతా ఒక్క వారంలో పనికిరాకుండా పోయింది. పైగా వీళ్ళను పంపిన హద్రమౌత్‌లో అప్పుడు కరువు. జావా నుంచి వచ్చే డబ్బు యుద్ధంతో ఆగింది, హైదరాబాదు నుంచి వచ్చేది ఇప్పుడు ఆగింది. కరువులో ఉన్న ఇంటికి, డబ్బు పంపాల్సినవాడే ఆకలితో తిరిగొచ్చాడు.

టేలర్ షెర్మన్ అనే చరిత్రకారిణి ఈ బహిష్కరణల మీద వివరంగా రాశారు. తెలుగులో ఎవరైనా దీన్ని కథగా రాస్తే బావుండని చదువుతున్నంతసేపూ అనిపించింది.

నాతో పనిచేసే ఒకాయన కుటుంబం ఆ ఓడలు తప్పించుకుని మిగిలినవాళ్ళలోది. 2015లో ముకల్లా అల్ ఖైదా చేతిలో పడినప్పుడు ఆయన ఆఫీసులో రోజూ అరబిక్ ఛానెలు పెట్టుకుని ఉండేవాడు. ఎప్పుడూ ఆ దేశం చూడలేదు. “ఏంటి భాయ్, అక్కడ మీకెవరున్నారు?” అనడిగాను. “దాదా వాళ్ళ అన్నదమ్ముల పిల్లలు ఉండొచ్చన్నా. ఉన్నరో లేరో తెలుసుకుందామనే చూస్తున్న,” అన్నాడు.

ముకల్లా సంగతి వచ్చింది కాబట్టి ఒక చిన్న ముక్క చెప్పి అసలు విషయానికొస్తాను. 1950 డిసెంబరు 27న ముకల్లాలో సుల్తాను కోట ముందు పెద్ద గుంపు చేరింది. ఇంగ్లీషువాళ్ళ సలహాతో సుల్తాను తన రాజ్యానికి మంత్రిగా ఒక సూడాన్ దేశస్థుణ్ణి పెట్టుకున్నాడు. ఆ కుర్చీలో హద్రమౌత్ మనిషి ఉండాలని గుంపు కోరిక. సైనికులు కాల్చారు, జనం చనిపోయారు. ఆ సుల్తాను తాతముత్తాతలు మనం పైన చెప్పుకున్న కొయితీ జమాదార్లు. ఒకప్పుడు హైదరాబాదులో పరాయి సిపాయిల వంశం, ఇప్పుడు సొంత కోటలో పరాయి అధికారిని పెట్టుకున్నందుకు జనం తిట్లు తింటోంది.

రెండేళ్ళు తిరగకుండానే హైదరాబాదులో అదే కోరిక, అదే జవాబు.

1952కి హైదరాబాదు ఎక్కడుందంటే: సైనిక పాలన పోయింది, వెల్లోడి పాలన పోయింది, ఎన్నికలయ్యాయి, మార్చిలో బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యాడు. కానీ ఆఫీసుల్లో మాత్రం నాలుగేళ్ళుగా వేరే సంగతి నడుస్తోంది. ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. 1918 నుంచి ఉస్మానియాలో ఉర్దూ మీడియంలో చదివి పట్టా పుచ్చుకున్నవాడి విద్య ఒక్కసారిగా చెల్లని సిక్కా అయింది. ఇంగ్లీషులో నోటు రాయగలిగినవాళ్ళు మద్రాసు రాష్ట్రం నుంచి దిగారు. మొదట పెద్ద అధికారులు. వాళ్ళ వెనక గుమాస్తాలు, టీచర్లు, పోలీసులు. బెజవాడ రైలు నిండుగా వచ్చేది. ముల్కీ నిబంధనలు పుస్తకంలో అలాగే ఉన్నాయి, 15 ఏళ్ళ షరతుతో సహా. నిన్న దిగినవాడి చేతిలో ముల్కీ సర్టిఫికెట్టు ఎలా ఉంది అన్నది ఆ వేసవి అంతా ఊరు అడిగిన ప్రశ్న. బోగస్ సర్టిఫికెట్ల మీద విచారణ కావాలన్నది విద్యార్థుల ముఖ్యమైన డిమాండు.

వరంగల్లులో మొదలైంది. ఆగస్టు అంతా విద్యార్థుల సమ్మెలతో పాకి నెలాఖరుకు రాజధాని చేరింది. నినాదాలు ఇప్పటికీ జ్ఞాపకం చేసుకునేవాళ్ళున్నారు: నాన్ ముల్కీ గో బ్యాక్, ఇడ్లీ సాంబార్ గో బ్యాక్. ఉర్దూ చదువు చెల్లకుండా పోయిందన్న కోపం ఇంగ్లీషులో నినాదం కట్టుకుంది! ఇడ్లీ సాంబారు మీద గుంటూరువాడికి ప్రత్యేకమైన పేటెంటేమీ లేదన్నది వేరే సంగతి. దక్షిణం నుంచి దిగినదంతా ఒకే ఇడ్లీ పళ్ళెంలో పెట్టేశారు.

సెప్టెంబరు 3న సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. స్థలం తెలియనివాళ్ళ కోసం: మూసీకి దక్షిణపు ఒడ్డున, హైకోర్టును ఆనుకుని ఉంటుంది సిటీ కాలేజీ. ఆ భవనం గీసింది విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు వాస్తుశిల్పి, హైకోర్టు, అవతలి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి కూడా ఆయనవే. ఆ రోజు చనిపోయినవాళ్ళ శవాలు నది దాటి ఆసుపత్రికి వెళ్ళాయి. మర్నాడు 4వ తేదీ ఊరంతా వీధిలోకొచ్చింది, పత్తర్‌గట్టీలో మళ్ళీ కాల్పులు. ఆ రెండు రోజుల్లో పోయినవాళ్ళందరూ విద్యార్థులు కారు. దారినపోయేవాళ్ళూ ఉన్నారు. కర్ఫ్యూ పెట్టారు. హైకోర్టు జడ్జి పింగళి జగన్మోహన్ రెడ్డిని విచారణకు వేశారు. తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్ళి కేశవానంద భారతి కేసు విన్న పదమూడుగురిలో ఒకరైన ఆయనే.

పత్తర్‌గట్టీ గురించి కాస్త చెప్పాలి. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని బాగుచేయడానికి పెట్టిన బోర్డు కట్టించిన రాతి కమానుల బజారు అది. మదీనా నుంచి చార్మినార్ వైపు రెండు పక్కలా బట్టల కొట్లు, ముత్యాల కొట్లు. వాటిలో కూర్చున్నవాళ్ళలో మార్వాడీలు, గుజరాతీలు ఎందరో. గల్లీ చివర ఇరానీవాడి చాయ్ హోటలు. లెక్కకు వీళ్ళు కూడా ఎక్కణ్ణుంచో వచ్చినవాళ్ళే. ఆ సెప్టెంబరులో ఎవడూ చాయ్ గో బ్యాక్ అనలేదు. ఎందుకంటే ముత్యాలమ్మేవాడు గుమాస్తా ఉద్యోగానికి దరఖాస్తు పెట్టడు. ఇరానీవాడు ఇంటర్ ఫెయిలైన కుర్రాడికి పని ఇస్తాడు తప్ప, పాసైన కుర్రాడి పని లాక్కోడు. పరాయితనం అనేది పుట్టిన ఊరికి సంబంధించిన గుణం అనుకుంటాం గానీ, వీధి దాన్ని కొలిచింది వేరే తూకంతో. నా పళ్ళెంలో చెయ్యి పెట్టినవాడు పరాయివాడు. చాయ్‌వాడు ఎన్ని తరాలున్నా ఇరానీయే, అయినా ఇంటివాడు. టీచరు తెలుగే మాట్లాడతాడు, అయినా బయటివాడు. ఇది అన్యాయం అనను. ఆకలి తూకం అలాగే ఉంటుంది. కానీ ఫర్మానాలో రాసిన 15 ఏళ్ళకూ దీనికీ పొత్తు లేదు.

ఇప్పుడు ఆ టీచరు కిటికీ దగ్గరికి వద్దాం. ఆయన డైరీ నాకు దొరకలేదు, అందుకని ఉన్న సరుకుతో ఊహించుకుంటున్నాను. కృష్ణా జిల్లావాడనుకోండి. ఆంధ్రపత్రికో ఆంధ్రప్రభో మద్రాసు నుంచి వచ్చేది రైల్లో, ఒక రోజు ఆలస్యంగా. ఊళ్ళో గోలకొండ పత్రిక ఉంది, సురవరం ప్రతాపరెడ్డి 1926లో పెట్టింది. ఉర్దూలో సియాసత్ ఉంది, అప్పటికి మూడేళ్ళ పిల్ల పత్రిక. అది ఆయనకు చదవడం రాదు. వీధిలో అరిచే నినాదంలో సగం అర్థమవుతుంది. మిగతా సగం పక్కింటివాణ్ణి అడగాలి, ఆ పక్కింటివాడు ముల్కీ. మర్యాదస్తుడు, ‘మీ గురించి కాదు లెండి పంతులుగారూ’ అంటాడు. ఆ మాటకన్నా భయపెట్టే మాట ఇంకోటి ఉండదు. సొంత పేపరు వచ్చేసరికి, నిన్న తన కిటికీలోంచి చూసిన సంగతే రెండు కాలాల వార్తగా, తనకు తెలియని ఊరి సంగతిలా కనిపిస్తుంది.

ఇంకో ఇరకాటం కూడా ఉంది. ఆయన తనని ప్రవాసి అనుకునే రాలేదు. కోఠీలో 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం తెలుసు, దాని వెనక కృష్ణా జిల్లా కొమర్రాజు లక్ష్మణరావు, ఇక్కడి రావిచెట్టు రంగారావు కలిసి నిలబడ్డారని తెలుసు. విశాలాంధ్ర అన్న మాట అప్పటికే గాలిలో ఉంది. అంటే ఆయన లెక్కలో తాను పెదనాన్నగారింటికి వచ్చాడు. గుమ్మంలో ఉన్న పెదనాన్న కొడుకు మాత్రం, ‘ఎవరు కావాలండీ?’ అన్నాడు. బెంగాలీ అఘోరనాథ్‌కు ఈ బాధ లేదు, పరాయివాణ్ణని తెలిసే వచ్చాడు. తమ్ముణ్ణనుకుని వచ్చినవాడికి గైర్ అనే మాట ఎక్కువ గుచ్చుకుంటుంది. తమ్ముడని చెప్పుకుంటూ వచ్చి తన కుర్చీలో కూర్చున్నవాణ్ణి చూసిన అన్నకు కూడా అంతే గుచ్చుకుంటుంది. 1952ను ఆంధ్ర వైపు నుంచి చెప్పేవాళ్ళు మొదటి సగం చెప్తారు, తెలంగాణ వైపు వాళ్ళు రెండో సగం. ఇద్దరిదీ ఒకే వాక్యం.

అదే శరత్తులో, అక్టోబరు 19న, మద్రాసులో పొట్టి శ్రీరాములు దీక్షకు కూర్చున్నాడు. డిసెంబరు 15న పోయాడు. అక్కడ తెలుగువాళ్ళ నినాదం ‘మద్రాస్ మనదే’. కాబట్టి ఒకే కుటుంబంలో ఒక అన్న మద్రాసులో ఈ ఊరు మాది అని నడుస్తూ, తమ్ముడు హైదరాబాదులో మీ ఊరికి పో అని వింటూ ఉండే అవకాశం బాగానే ఉంది. ఏడాదికల్లా మద్రాసు చేజారి ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మరో మూడేళ్ళకు హైదరాబాదు చేతికొచ్చింది. చేతికొచ్చింది అని రాశాను చూశారా, నేనూ ఒంగోలువాణ్ణే. ఈ క్రియలన్నీ మా వైపు ఇళ్ళల్లో అలాగే వాడతారు.

ఆ తర్వాత సంవత్సరాల లెక్కలు గబగబా చెప్పేస్తాను. 1956 ఫిబ్రవరి 20 పెద్దమనుషుల ఒప్పందంలో 12 ఏళ్ళ నివాసం అన్నారు. 1957 కేంద్ర చట్టం కింద చేసిన నియమాల్లో 15 అన్నారు. 1969 మార్చిలో సుప్రీంకోర్టు ఆ చట్టంలో తెలంగాణకు సంబంధించిన భాగం చెల్లదంది; అప్పటికే తెలంగాణ రగులుతోంది. 1972 అక్టోబరు 3న అదే కోర్టు పాత నిజాం ముల్కీ నిబంధనలు చెల్లుతాయంది; ఈసారి ఆంధ్ర రగిలింది, జై ఆంధ్ర అని. 1973లో ఆరు సూత్రాలు వచ్చి ముల్కీని చరిత్రలోకి సాగనంపాయి. 1975 రాష్ట్రపతి ఉత్తర్వుతో స్థానికుడు, స్థానికేతరుడు అనే కొత్త మాటలు పుట్టాయి. ఇక మేజిస్ట్రేటు ముందు ఒట్టు అక్కర్లేదు, బడి సర్టిఫికెట్లు చాలు. నా ఎంసెట్ కౌన్సెలింగుకు నాలుగో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మా నాన్న పరుగెత్తింది వీటి పుణ్యమే. నన్ను స్థానికేతరుడి కింద రాసుకుని హైదరాబాదులో సీటిచ్చారు. తిరిగి వెళ్ళే ఆలోచన ఉందా లేదా అని ఎవరూ అడగలేదు.

2009 డిసెంబరు నుంచి 2014 జూన్ దాకా మా హాస్టల్లో టీవీ ముందు కూర్చుని ఊరు చూశాం. ఊరు కిటికీలోంచి కూడా కనిపించేది, కానీ టీవీలోనే చూశాం. బంద్ అంటే సెలవు, మిలియన్ మార్చ్ అంటే అమ్మ ఫోను. “నాన్నా, ఓ వారం సెలవు పెట్టి వచ్చెయ్యరా” అనేది. మా మెస్సులో వడ్డించే వరంగల్ అబ్బాయి సాయంత్రం ధర్నాకు వెళ్ళొచ్చి, రాత్రి మాకు గోంగూర పచ్చడి వేసేవాడు. ఎవడూ ఎవర్నీ ఏమీ అనలేదు. అనకపోవడం మా మంచితనం కాదు. ఆ అబ్బాయికీ నాకూ ఒకే ఉద్యోగం మీద కన్ను లేదు, అంతే. నాది అమెరికా కంపెనీకి రాసే కోడు. 1952లో ముత్యాల కొట్టువాడి స్థానంలో నేనున్నాను, పంతులుగారి స్థానంలో కాదు. పంతులుగారి స్థానంలో ఉన్నవాళ్ళు, అంటే సచివాలయంలో, విద్యుత్తు సంస్థల్లో పనిచేసిన ఆంధ్ర ఉద్యోగులు, అదే టీవీని వేరేగా చూసి ఉంటారు.

బార్కస్ మిత్రుడికి ఒకసారి ఇదంతా చెప్పాను, అమ్మ ఫోను సంగతి కూడా. నవ్వి, “మీకు ఊరికి రమ్మని ఫోనొస్తదన్నా, మాకు ఏ ఊరికి రమ్మని చేస్తరు?” అన్నాడు.

ఆఖరుగా, అఘోరనాథ్ ఇంటి సంగతి. నాంపల్లి దగ్గరుండే ఆ ఇంటికి సరోజిని మొదటి కవితా సంపుటి పేరు మీద గోల్డెన్ త్రెషోల్డ్ అని పేరు. త్రెషోల్డ్ అంటే గడప. ముల్కీ నిబంధనలను సాగనంపిన ఆరు సూత్రాల్లోనే హైదరాబాదులో ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయం పెట్టాలన్న హామీ ఉంది. దాని కోసం రాజ్యాంగంలో 371ఇ అని ఒక అధికరణం చేర్చారు. 1974లో ఆ విశ్వవిద్యాలయం మొదలైంది గచ్చిబౌలిలో కాదు, ఈ ఇంట్లో. అక్కడ సీటుకు స్థానికుడా స్థానికేతరుడా అన్న లెక్క లేదు. తొమ్మిది దశాబ్దాల కిందట ఊరు విడిచి పొమ్మన్న గైర్ ముల్కీ గుమ్మంలో కుర్చీలు వేసుకుని, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు క్లాసులు విన్నారు.